తలుపున్న ఓడ

మా పెరట్లో బొప్పాయి చెట్టు విరగకాస్తుంది. ఆసుపత్రుల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇంటికొస్తే కాయ కోసి, ముక్కలు చేసి పెడతాను. నేను మాత్రం ముట్టను. "మేడం, షుగరా?" అని అడుగుతారు. షుగరు లేదు. ఆ ముక్కలు చూస్తే గుండె దడ వస్తుంది, అంతే. ఆ దడ ఎక్కడ పట్టుకుందో చెబుదామని ఇది రాస్తున్నాను. మీరంతా ఈ ఉద్యోగంలో చాలాకాలం ఉండాల్సినవాళ్ళు. మీకు పనికొస్తుందేమో చూడండి.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుల డాక్టరుగా చేశాను. కోనసీమ దాటి ఎక్కువ రోజులు ఉద్యోగం చేసింది లేదు. కాన్పులు, కుటుంబ నియంత్రణ, ఈ రెండే నా లోకం. ఒక చేత్తో పిల్లల్ని బయటికి తీస్తావు, రెండో చేత్తో రాకుండా ఆపుతావు, ఏ చేతికి జీతం ఇస్తున్నారు నీకు అని మా ఆయన వెక్కిరించేవారు. కాన్పుల డాక్టరుకి ధైర్యం ఉండాలంటారు. నాకు ఎప్పుడూ లేదు. ధైర్యంగా కనిపించడం మాత్రం బాగా వచ్చు. లోపల వణుకుతూ పైకి అందర్నీ కసురుతూ రిటైరయ్యాను.

ఉద్యోగం మొత్తం మీద నేను బాగా చేశానని చెప్పుకోదగ్గ పని ఒకటుంది. గోదావరికి వరద వస్తోందని కబురు తెలియగానే నది మధ్యనున్న లంక గ్రామాల్లో నెలలు నిండినవాళ్ళని పడవల మీద ఇవతలి గట్టుకి తెచ్చేసేవాళ్ళం. నీళ్ళు ఎక్కకముందే, నొప్పులు మొదలవకముందే. కొందరు రామనేవారు. గేదె ఈనబోతోందనేవారు, అత్తగారు ఒప్పుకోలేదనేవారు. బతిమాలి, తిట్టి, ఒక్కోసారి అత్తగార్ని కూడా పడవెక్కించి తెచ్చేవాళ్ళం. దారులు తెగిపోయే చోట మనిషిని ఉంచకూడదు. నా వైద్యమంతా కలిపి ఈ ఒక్క ముక్కే.

రిటైరయ్యాక ఒకరోజు ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. కొత్తపేట వైపు కొబ్బరితోటలున్న కుటుంబం. పెద్ద చదువులు చదివి, అంతరిక్ష ప్రయాణాల మీద పరిశోధన చేసే ఒక ప్రైవేటు సంస్థలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. అంగారకుడి దాకా వెళ్ళి తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుందట. అంతకాలం మూసిన డబ్బాలో మనుషులు ఎలా ఉంటారో ముందు నేల మీదే పరీక్షించి చూడాలట. దానికోసం ఐ.పోలవరం దగ్గర మూతపడిన రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఒకటి అద్దెకి తీసుకున్నారు. నన్ను తీసుకెళ్ళి చూపించాడు. దళసరి గోడలు, కిటికీ అన్నది లేదు, రాకపోకలకి ఒకటే తలుపు. చుట్టూ చెరువులు, వాటిలో రాత్రింబవళ్ళు తిరుగుతూ నీళ్ళలోకి గాలి చిలికే ఏరేటర్ల చప్పుడు.

"ఓడంటే ఇదేనా నాయనా?" అన్నాను.

"ఇదేనండి. లోపలంతా మార్చేసేమండి. రొయ్యల వాసన కూడా పోయిందండి."

వాసన పోలేదు.

"లంకల్లో మీరు చేసిన పని గురించి చాలామంది చెప్పేరండి," అన్నాడు. "మాదీ ఓ లంకేనండి. కాస్త దూరం, అంతేనండి."

ఆ మాటకి నవ్వాను కానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. లంకకైతే ఇవతలి గట్టు ఉంటుంది. పడవ ఉంటుంది. వాళ్ళు వెళ్ళే చోటికి పడవ ఎవరు వేస్తారు?

లోపలికి వెళ్ళేది ఆరుగురు. అందులో రెండు జంటలు. ఏళ్ళ తరబడి సాగే ప్రయాణంలో అందరూ సన్యాసుల్లా ఉంటారని నమ్మేంత అమాయకులు కాదు వాళ్ళు, కాబట్టి జంటల్ని పంపి చూడాలనుకున్నారు. లోపల గర్భం రాకుండా చూడడం, వస్తే ఏం చేయాలో రాసిపెట్టడం నా పని. దానికోసం దొరికిందల్లా చదివాను. బరువు లేని చోట ఎముకల్లో బలం తగ్గిపోతుంది. పైనుంచి వచ్చే కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి. పెద్దవాళ్ళ సంగతే ఇలా ఉంటే కడుపులో ఉన్న బిడ్డ సంగతేమిటి? ఎవరికీ తెలియదు. ఏ పుస్తకం తిరగేసినా చివరికి ఇదే మాట. బరువంటే ఏమిటో తెలియకుండా పుట్టిన పిల్ల భూమి మీదికొచ్చి నిలబడగలదా? తెలియదు. అక్కడ ఆపరేషన్ చేయాల్సివస్తే రక్తం కిందికి కారదట, బొట్లు బొట్లుగా గాల్లో తేలుతుందట. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నియమాలు రాయడానికి కూర్చున్నప్పుడు వీడియో కాల్లో తెర మీద కనిపించే సంస్థ పెద్దాయన ఒకరు, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళనే తీసుకుంటే గొడవే లేదు కదా," అన్నారు. ఇన్ని ఆపరేషన్లు చేయాల్సిందేనని ప్రభుత్వం టార్గెట్లు పెట్టిన కాలంలో క్యాంపులు చూసినదాన్ని నేను. బల్లల మీద వరసగా పడుకోబెట్టిన ఆడవాళ్ళ కళ్ళు చూసినదాన్ని. ఇంకా ముప్ఫై దాటని పిల్లలకి అలాంటి షరతు పెడితే నేను ఈ గుమ్మం తొక్కనని చెప్పాను. ఇంకొకాయన, "నిగ్రహం పాటిస్తామని సంతకం తీసుకుందాం," అన్నారు. జనం నిగ్రహం పాటించే పనైతే ప్రభుత్వానికి నాతో పనే ఉండేది కాదన్నాను. కొత్తపేట కుర్రాడు తలొంచుకుని నవ్వాడు.

చివరికి ఎవరికి నచ్చిన పద్ధతి వాళ్ళు ఎంచుకోవచ్చని తేల్చాం. జంటల్లో ఒకమ్మాయి కాపర్‌-టీ వేయించుకుంది. "మాత్రలు మర్చిపోతానండి, ఇదైతే పెట్టించుకుని మర్చిపోవచ్చండి," అంది. కాపర్‌-టీ ఉండగా గర్భం రావడం దాదాపు జరగదు. దాదాపు అన్న మాట దగ్గర నాకు ఎప్పుడూ ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే ఆ అరుదైన గర్భం గనక వస్తే, అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. ట్యూబు సన్నటిది. కొన్ని వారాలు సాగుతుంది, తరవాత పగులుతుంది. లోపలే రక్తం పోతుంది, పైకి చుక్క కనపడక్కర్లేదు. ఇదంతా మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా "ఆయ్" అన్నారు.

గర్భం తెలుసుకునే కార్డులు, చిన్న స్కానింగ్ మిషను లోపల ఉండాలని కూడా అడిగాను. ఓడలో ప్రతి వస్తువుకీ బరువు చూసే కమిటీ ఒకటుండేది. వాళ్ళు రెండూ కొట్టేశారు. "గర్భం రాకూడదని రాసుకున్న ఓడలో గర్భం చూసే కార్డులెందుకండి?" అని ఆ కుర్రాడే నాకు సర్దిచెప్పాడు. కార్డు తమలపాకంత బరువుండదు. నేను గట్టిగానే పోట్లాడాను, నెగ్గలేదు. చదరంగం బల్ల మాత్రం లోపలికి వెళ్ళింది.

కాపర్‌-టీ వేయించుకున్న అమ్మాయిది రాజోలు. వాళ్ళ ఇంట్లో అందరూ టీచర్లే. తల్లి ఈమధ్యే బడి నుంచి రిటైరయింది. ఆ తల్లికి కాన్పు చేసింది నేనే, ఈ పిల్ల నా చేతుల్లోకే వచ్చింది. ఫిజిక్సు లెక్చరరు అయింది, కాలేజీకి సెలవు పెట్టి దీనికి వచ్చింది. మొగుడు మెషిన్లు చూసుకునే ఇంజనీరు. లోపల డాక్టరుగా వెళ్ళినవాడు ఆలమూరు కుర్రాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాడు. అప్పట్లో నేను అది వాడిలో గొప్ప గుణం అనుకున్నాను. తలుపు మూసే రోజు రాజోలు నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేశారు, కొత్తపేట కుర్రాడు కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు లోపల ఒక గడియ, బయట ఒక గడియ పడ్డాయి.

ఆ తరవాత మొదలైంది ఆట. ఆట అంటే వాళ్ళకి కోపం వచ్చేది, కానీ నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు. నిజం ఓడ దూరం పోయేకొద్దీ మాట చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది కదా, అలాగే ఇక్కడా ఒక మెషిను మా మాటల్ని పట్టి ఆపి, ఆలస్యంగా వదిలేది. నాలుగో నెల వచ్చేసరికి మేము ఒకటి అడిగితే జవాబు వచ్చేలోగా కుండలో అన్నం ఉడికిపోయేది. బొమ్మ కూడా అంతే. తెర మీద మేము చూసేది అప్పటికే జరిగిపోయిన సంగతి. మేము కూర్చునే గది పాత కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గది, అంటే వాళ్ళ గోడకి ఇవతలి పక్కనే. అయినా నెలలు గడిచేకొద్దీ వాళ్ళు నిజంగానే ఎక్కడో పైన ఉన్నారని అనిపించసాగింది. వాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు చెయ్యి పైకి చూపించేవాళ్ళం. ఇళ్ళవాళ్ళతో మాత్రం వారానికోసారి రికార్డు చేసి పంపుకునే మాటలుండేవి. అవి మేమెవరం వినకూడదు.

ఒకరోజు పొద్దున్నే రాజోలు టీచరుగారు ఫోన్ చేసింది.

"డాక్టరమ్మగారండీ, బాగున్నారా అండీ?"

"బాగున్నానండి. చెప్పండి టీచరుగారూ."

"ఏం లేదండి. లోపల పిల్లలకి తిండీ అదీ ఏం పెడుతున్నారో అనండి."

"అన్నీ ఎండబెట్టిన ప్యాకెట్లేనండి. వేడినీళ్ళు పోసుకుని తింటారు. కాస్త ఆకుకూర లోపలే పెంచుకుంటున్నారు."

"ఆయ్. ఆ ప్యాకెట్లలో బొప్పాయి ముక్కలు వస్తాయని మా అమ్మాయి చెప్పిందండి." ఆగింది. "అవి మా అమ్మాయికి పెట్టకుండా చూడగలరా అండీ?"

"ఏం, పడట్లేదా?"

"పడకపోవడమేం లేదండి. వేడి కదండీ అది. ఓ రెండు నెలలు పెట్టకపోతే మంచిదని."

నేను ఇంకేమైనా చెప్పాలా అని అడిగాను. ఏమీ లేదంది. లేదని చెప్పే గొంతు కాదది. అడగకుండా ఉంటే బాగుండునని బతిమాలే గొంతు. మన ప్రాంతంలో ఒక తల్లి పెళ్ళైన కూతురికి బొప్పాయి వద్దంటే దానికి ఎన్ని అర్థాలుంటాయి? ఒకటే కదా. పండిన బొప్పాయి తింటే ఏమీ కాదని ఆవిడకి క్లాసు పీకే ఓపిక నాకు లేదు. అసలు భయం బొప్పాయి గురించి కాదు. ఆ పిల్ల ఒంట్లో కాపర్‌-టీ ఉంది. కాపర్‌-టీ ఉండగా నెల తప్పింది. ముందురోజు లోపలి డాక్టరు పంపిన కబురులో ఆ పిల్లకి కాస్త పొట్టనొప్పి, గ్యాసు మాత్ర ఇచ్చానని ఉంది. ఆ మాట నేను చదివి, సరేననుకుని, కాఫీ తాగాను. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, వెంటనే కారు తెప్పించాను.

అమలాపురం నుంచి కారులో వెళుతున్నంతసేపూ గ్యాసే కావాలని మొక్కుకున్నాను. గ్యాసు కోసం దేవుణ్ణి అంత భక్తిగా ఎవరూ అడిగి ఉండరు.

కొత్తపేట కుర్రాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను.

"నిజమో కాదో కార్డుతో చూస్తే తెలుస్తుంది కదండి..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. నేను వాడి వంక చూశాను. వాడు నేల వంక చూశాడు.

"మేడమండీ, తలుపు తీస్తే ఇంకంతేనండి. మళ్ళీ మొదట్నుంచి. ఒకేళ గ్యాసే అయితేనండి? వాళ్ళమ్మగారు బొప్పాయి వద్దన్నారని తలుపు తీసేమని చెప్పమంటారా అండి పైవాళ్ళకి?"

అందులో తప్పేం లేదు. అవతల ఆరుగురి నాలుగు నెలల కష్టం ఉంది. నాకున్న ఆధారం ఒక తల్లి మొహమాటం. పైగా లైను మీద మాట్లాడితే లోపల ఆరుగురికీ వినిపిస్తుంది. ఆ పిల్ల దాచుకుందంటే దానికి కారణం ఉంటుంది. అందరి ముందూ ఎలా అడగను? కాసేపు ఆలోచించి మైకు తీసుకున్నాను.

"అమ్మాయీ, నేను డాక్టరమ్మని. ఇవాళ్టి నుంచి నువ్వు బొప్పాయి ముక్కలు తినకు. మీ అమ్మగారు ఫోన్ చేశారు. నాకేమీ చెప్పలేదు, నువ్వూ ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. పడుకుంటే భుజం నొప్పెడుతోందా?"

మాట వెళ్ళిపోయింది. ఇక ఎదురుచూడడమే.

"పొట్టనొప్పికీ భుజానికీ ఏంటండి సంబంధం?" అన్నాడు కుర్రాడు.

"కడుపులో రక్తం చేరితే, పడుకున్నప్పుడు అది పైకి పాకి ఊపిరితిత్తుల కింది పొరని తాకుతుంది. ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. లేదు అనాలి ఆ పిల్ల. లేదంటే గ్యాసే. నేను ఇంటికి పోయి పడుకుంటాను."

తెర మీద ఆ పిల్ల కనిపిస్తోంది. గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరో ఏదో అంటే నవ్వుతోంది. చేతిలో ఏదో ప్యాకెట్టు. నవ్వేది ఇప్పుడు కాదని తెలుసు. ఇప్పుడు ఏం చేస్తోందో నాకు తెలియదు. కళ్ళెదుట మనిషిని చూస్తూ, అసలు ఉందో లేదో తెలియకపోవడం ఎంత భయమో మాటల్లో చెప్పలేను. బయట ఏరేటర్లు తిరుగుతున్నాయి.

చివరికి గొంతు వచ్చింది. "ఆయ్. కుడి భుజమండి. పొద్దుట్నించీ వెల్లకిలా పడుకోలేకపోతున్నానండి." తరవాత చిన్నగా, "మీకెలా తెలిసిందండీ?"

"తలుపు తియ్యి," అన్నాను కుర్రాడితో.

ఈసారి వాడు అడ్డం చెప్పలేదు. పద్ధతి ప్రకారం లోపలి డాక్టరుకి ఆర్డరు పంపాడు: రోగిని బయటికి తెస్తున్నాం, లోపలి గడియ తీయండి, అందినట్టు చెప్పండి. పంపి, కుర్చీలో కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం తెర వంక చూస్తూ, అందిందన్న జవాబు కోసం కూర్చున్నాం. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ గది సిద్ధం చేయమన్నాను, అంబులెన్సు గేటు దగ్గరికి తెమ్మన్నాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇంత భయంలోనూ ఇద్దరికీ లేచి గోడ దాకా నడవాలని తోచలేదు. నాలుగు నెలలు ఆ తెర ముందు కూర్చున్నవాళ్ళకి అలాగే అవుతుంది కాబోలు.

అప్పుడు కాళ్ళ కింద గచ్చు అదిరింది.

గోడ అవతల ఏదో బరువుగా పడింది. దానితోపాటు ఇనుప స్టూలు దొర్లిన చప్పుడు, సన్నగా ఒక కేక. నేను తెర చూశాను. తెర మీద ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. చేతిలో గ్లాసు, మొగుడితో ఏదో చెబుతోంది. గోడ అవతల పడిపోయిన పిల్ల తెర మీద నిలబడి నీళ్ళు తాగుతోంది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ చూడలేదు, ఇక చూడనుకుంటాను.

నేను పరుగెత్తాను. నా వయసుకి, నా మోకాళ్ళకి అది పరుగో కాదో నాకు తెలియదు. కుర్రాడు వెనకాల వస్తూ, "మేడమండీ, కన్ఫర్మేషన్ ఇంకా రాలేదండి..." అంటున్నాడు.

"నీ కన్ఫర్మేషన్ తగలెయ్య! గోడ అవతలున్న పిల్లకి ఆకాశంలోంచి ఉత్తరం రాస్తావేంట్రా! గడియ తియ్యి!"

అప్పటిదాకా వాణ్ణి నేను ఏకవచనంలో పిలిచినా రా అని ఎప్పుడూ అనలేదు. వాడు గడియ తీశాడు. లోపలి గడియ మిగిలింది. అరచేతులతో కొట్టాను, చప్పుడు రాలేదు. పక్కనే మంటలార్పే సిలిండరు ఉంటే వాడు దాన్ని ఎత్తి తలుపుకేసి కొట్టాడు. కొడుతూ ఏడుస్తున్నాడు. ఎంతసేపు కొట్టాడో తెలియదు. చివరికి లోపల గడియ కదిలింది.

తలుపు తెరిచింది ఆలమూరు డాక్టరు. చెవులకి హెడ్‌ఫోను అలాగే ఉంది. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడమండీ... మీరు... ఇక్కడికెలా వచ్చేరండీ?" అన్నాడు.

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఒళ్ళంతా చెమట పట్టింది.

ఆ పిల్ల నేల మీద ఉంది. పెదవులు సున్నం రాసినట్టున్నాయి. నాడి వేలికి దొరికీ దొరకనట్టుంది. మడత మంచం మీద వేసి మోసుకొచ్చి అంబులెన్సు ఎక్కించాం. ముమ్మిడివరం దగ్గర రొయ్యల మేత లారీ ఒకటి అడ్డం పడితే డ్రైవరు దిగి వాళ్ళ ఏడు తరాలనీ తలచుకున్నాడు. నేను ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. దారిలో ఒకసారి కళ్ళు తెరిచింది.

"అందరి పనీ పాడుచేసేనండి," అంది.

"నోర్మూసుకో," అన్నాను. అంతకన్నా మెత్తటి మాట ఆ నిమిషంలో నాకు రాలేదు.

అమలాపురంలో నా దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది, నేను పక్కన నిలబడ్డాను. కడుపు తెరిస్తే అంతా రక్తమే. కుడి ట్యూబు పగిలిపోయి ఉంది. కాపర్‌-టీ గర్భసంచిలో తన చోట తాను ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. కుడి ట్యూబు తీసేయాల్సి వచ్చింది. ఎడమది బాగుంది. రక్తం కావాలని చెప్పడానికి బయటికొచ్చేసరికి వరండాలో ఆ ఐదుగురూ నిలబడి ఉన్నారు. బూడిదరంగు బట్టలు, కాళ్ళకి చెప్పులు లేవు, ఎండ చూసి నాలుగు నెలలైంది కాబట్టి కళ్ళు చికిలిస్తున్నారు. జనం వింతగా చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరూ పోయిన నాలుగు నెలల గురించి మాట్లాడలేదు. గ్రూపు కలిసినవాళ్ళు చేతులు చాపారు, కలవనివాళ్ళు అలాగే నిలబడ్డారు.

ఆమె మొగుడు గోడకి చేరబడి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"మూడో నెల దాటేక చెబ్దామనుకున్నామండి," అన్నాడు. "పెళ్ళై ఇన్నాళ్ళయిందండి. రాక రాక వచ్చిందండి. ముందే చెబితే తలుపు తీసేస్తారు, ఆ తరవాత నిలవకపోతే అందరికీ రెండు విధాలా నష్టమని... వాళ్ళమ్మగారికి మాత్రం చెప్పిందండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందండి."

అంగారకుడికి పోతున్నామనుకున్నవాళ్ళు ఇల్లూ వాకిలీ, ఎండా వానా అన్నీ బయట వదిలేసి లోపలికి వెళ్ళారు. మూడో నెల ఆచారం మాత్రం వెంట వెళ్ళింది. దానికి ఏ కమిటీ బరువు చూడలేదు. నేను వాళ్ళని తప్పు పట్టలేను. ఆ ఆచారం ఊరికే పుట్టలేదు. నిలవని కడుపు గురించి పదిమందికీ చెప్పుకోవాల్సిన బాధ ఉండకూడదని పెట్టుకున్నారు ఆడవాళ్ళు. కానీ గడియ వేసిన చోట అది ప్రాణం మీదికి తెచ్చింది. టీచరుగారు కూతురికి ఇచ్చిన మాట తప్పకుండానే నాకు చేరవేసింది. ఆవిడ ఆ పొద్దున్న మొహమాటపడి ఫోన్ చేయకపోయి ఉంటే? ఇక్కడికి వచ్చేసరికి నేను ఆలోచించడం ఆపేస్తాను.

సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద ఆలమూరు డాక్టరు నా దగ్గరికి వచ్చాడు.

"మీరు తలుపు కొట్టకపోతే మీ ఆర్డరు కోసం కూర్చునేవాణ్ణండి," అన్నాడు. "కత్తులున్నాయండి, మందులున్నాయండి. చెయ్యి వేసేవాణ్ణి కాదండి. నిజం ఓడైతే ఏం చేసేవాణ్ణండి?"

వాడి భుజం మీద చెయ్యి వేశాను, అంతే.

ఆ ప్రయోగం అక్కడితో ఆగింది. తరవాత కొత్తపేట కుర్రాడు నా చేత నియమాలు మళ్ళీ రాయించాడు. కార్డులు, స్కానింగ్ మిషను మొదటి వరసలో పెట్టాడు, చదరంగం బల్ల తనే తీసేశాడు. నెల తప్పితే దాచక్కర్లేకుండా, చెప్పినందుకు ఏ నష్టమూ రాకుండా ఉండాలని రాశాను. ప్రాణం మీదికొస్తే ఓడలోని డాక్టరు భూమిని అడగకూడదని రాశాను. రాశాను కానీ, రాస్తున్నంతసేపూ ఆలమూరు కుర్రాడి ప్రశ్న వెంటాడింది. మా ఓడకి తలుపుంది, బయట అంబులెన్సుంది, అమలాపురం ఉంది. అంతరిక్షంలోకి ఎవరో వెళుతున్నారని పేపర్లో చదివితే మిగతావాళ్ళు సంబరపడతారు. నేను అందులో ఆడపిల్లలు ఎందరున్నారో చూసి, ఆ రోజంతా దిగులుగా తిరుగుతాను. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ పిల్లా మొగుడూ ఇప్పుడు అమలాపురంలోనే ఉంటారు. చెట్టు కాపుకొచ్చినప్పుడల్లా వాళ్ళింటికి రెండు బొప్పాయికాయలు పంపిస్తుంటాను. మొన్నామధ్య ఆ పిల్ల ఫోన్ చేసింది.

"డాక్టరమ్మగారండీ, ఈసారి కాయలు పంపకండి."

ఒకసారి ట్యూబులో నిలిచినవాళ్ళకి రెండోసారీ అక్కడే నిలిచే ప్రమాదం ఉంటుంది. "ఎప్పుడు తప్పింది?" అన్నాను.

"ఇప్పుడే కార్డు చూసుకున్నానండి. చేతిలోనే ఉందండి. అమ్మకి చెప్పలేదు, ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ముందు మీకే."

"భుజం?"

"బాగుందండి," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. స్కానింగులో కనపడాలంటే ఇంకో వారం పైన ఆగాలి. ఆ రోజులన్నీ పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి భుజం అడిగాను. చివరికి బల్ల మీద పడుకోబెట్టి తెర నా వైపు తిప్పుకున్నాను. నల్లగా ఉన్న తెర మీద మెల్లగా వెతికాను. ఆ పిల్ల తెర వంక చూడలేదు, నా మొహం వంకే చూస్తోంది.

"ఎక్కడుందండీ?" అంది.

"ఉండాల్సిన చోటే ఉందమ్మా," అన్నాను.